ఎత్తు తక్కువ వారికి ఫోర్‌స్ట్రోక్ బండి



కోయంబత్తూరులోని పీళమేడు, సింగానల్లూరు, గణపతి ప్రాంతాలలో గాని, మదురైలో మాసి వీధుల వెనుకనున్న సందులలో గాని ఉదయం పూట కాసేపు నిలబడి చూస్తే ఒక దృశ్యం తప్పక కంటబడుతుంది. వాకిట ముగ్గు మీద నుంచి ఒక మహిళ స్కూటరును వెనుకకు నెట్టుకుంటూ గడప దాటిస్తుంది. బండి బరువు నూరు కిలోలు దాటి ఉంటుంది. ఆమె బరువు అందులో సగం ఉండదు. ముందు బడికి వెళ్లే పిల్లవాడు, కొక్కేనికి అన్నపు క్యారియరు సంచి. కూడలిలో ఎర్రదీపం పడి బండి ఆగినప్పుడు ఆమె ఎడమకాలి వేళ్లు మాత్రమే నేలను తాకుతాయి. బండి, బిడ్డ, సంచి, తాను, ఇంత బరువూ ఆ వేళ్ల మీద నిలిచి ఉంటుంది. నేటి ప్రసంగం ఆ వేళ్లను గురించినదే.

మదురైని నాయక రాజులు 1529 నుంచి 1736 వరకు ఏలారు. ఆ కాలంలోనూ, అంతకు ముందు వెనుకలుగానూ ఈ సీమకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు స్వారీ కొత్త కాదు. గుఱ్ఱపు జీనుకు వ్రేలాడే కాలి వలయాన్ని మన భాషలో అంకవన్నె అంటారు. రికాబు అనే మాట తరువాత వచ్చింది. రౌతు కాలి పొడవును బట్టి అంకవన్నె పట్టీని పొడిగించడమో కుదించడమో చేసేవారు. గుఱ్ఱం ఎత్తు మారదు కనుక పట్టీ మారేది. నేటి స్కూటరుకు ఆ పట్టీ లేదు. కర్మాగారం నుంచి ఏ ఎత్తుతో వచ్చిందో ఆ ఎత్తుతోనే అది మన ఇంటికి వస్తుంది. కాబట్టి సర్దుబాటు జరగవలసినది కొనక ముందే.

ఈ రెండు నగరాలకూ మోటారు బండికీ ఉన్న అనుబంధం చిన్నది కాదు. టి.వి. సుందరం అయ్యంగారు 1911లో మదురై కేంద్రంగా ఆరంభించిన సంస్థ నుంచే తరువాతి కాలంలో టి.వి.ఎస్. మోపెడ్ పుట్టింది. 1980లో హోసూరు నుంచి వెలువడిన టి.వి.ఎస్. 50 ఇద్దరు కూర్చోగలిగిన మోపెడ్‌గా దక్షిణాది ఇళ్లలోకి ప్రవేశించింది. కోయంబత్తూరు విషయానికి వస్తే, 1893లో కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో జన్మించిన జి.డి. నాయుడుగారు యౌవనంలో ఒక రడ్జ్ మోటారు సైకిలును చూసి మోహించి, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, విప్పి, తిరిగి బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పళని, పొల్లాచ్చిల మధ్య బస్సు నడపడం మొదలుపెట్టారు. ఆయన కథను మన ఇళ్లలో గర్వంగా చెప్పుకుంటాం. అయితే యంత్రాన్ని చేతితో తాకి, విప్పి చూసే హక్కు ఇంట్లో మగపిల్లలకే ఉన్నట్లు చాలాకాలం ప్రవర్తించిన మాట కూడా నిజమే.

ఇక అసలు విషయం. పాత మోపెడ్లలో ఉన్నది టూస్ట్రోక్ ఇంజను. అందులో క్రాంకు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి పెట్రోలు మండి శక్తి పుడుతుంది. కవాటాలు లేవు, వాటిని తెరిచి మూసే క్యాం లేదు. అందువల్ల ఇంజను తేలిక. బండి పడితే పదవ తరగతి పిల్లవాడు కూడా లేవనెత్తగలిగేవాడు. దాని దోషమూ అక్కడే ఉంది: నూనెను పెట్రోలులో కలిపి మండించాలి. వెనుక నీలిపొగ, సైలెన్సరులో మసి, వీధంతా వాసన. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో పీల్చడం, నొక్కడం, మండడం, వెడలగొట్టడం అనే నాలుగు పనులకు క్రాంకు రెండు చుట్లు తిరగాలి. నూనె వేరుగా, అడుగున ఉంటుంది. పొగ తక్కువ, పెట్రోలు ఆదా, మెల్లగా పోయేటప్పుడు లాగుడు నిలకడగా ఉంటుంది. పొగ నియమాలు కఠినమైన కొద్దీ టూస్ట్రోక్ బండ్లు అంగళ్ల నుంచి తప్పుకున్నాయి. 2015లో ఎక్సెల్ 100 ఫోర్‌స్ట్రోక్ మోపెడ్‌గా వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నియమం అమలులోకి వచ్చి, కార్బ్యురేటరు స్థానంలో ఇంధనాన్ని చిమ్మే ఏర్పాటు వచ్చింది.

గాలికి మేలు జరిగింది. నడిపేవారికి మాత్రం ఒక మార్పు చెప్పకుండానే జరిగిపోయింది. కవాటాలు, క్యాం, నూనె తొట్టె, పెద్ద సైలెన్సరు, సెల్ఫ్ స్టార్టుకు బ్యాటరీ, అన్నీ చేరి బండి బరువెక్కింది. మోపెడ్ కాలపు కొలతలు మనసులో పెట్టుకొని "మా అమ్మ నడిపింది, నా చెల్లెలు నడపలేదా" అనుకునే అన్నలు ఈ బరువును లెక్కలోకి తీసుకోరు.

ఒక ఇంటి సంగతి చెప్పుకుందాం. ఇది ఒక్క ఇంటిది కాదు, పేట పేటలోనూ కొద్ది మార్పులతో వినవచ్చేదే. స్పిన్నింగు మిల్లులో మొదటి షిఫ్టుకు వెళ్లే మహిళ. ఎత్తు 148 సెంటీమీటర్లు, బరువు 44 కిలోలు. అన్న ప్రేమతో 125 సి.సి. స్కూటరు కొనిపెట్టాడు. పెద్ద ఇంజను, మంచి రంగు, తిరిగి అమ్మితే మంచి ధర. షోరూములో ఎక్కి కూర్చోగానే ఆమె, "అన్నా, కాలు సరిగా అందడం లేదు" అన్నది. "నడపగా నడపగా అలవాటవుతుందిలే అమ్మణీ" అన్నాడతడు. రెండవ వారంలో అవినాశి రోడ్డు మీద సిగ్నలు వద్ద, బండి పూర్తిగా ఆగిన తరువాత, కుడివైపుకు ఒరిగింది. కుడికాలు దించితే అక్కడ రోడ్డు రెండంగుళాలు పల్లంగా ఉంది. వేగం సున్న. అయినా బండి పడింది. పిల్లవాడికి దెబ్బ తగలలేదు. ఆమె చీలమండ బెణికింది. ఆ తరువాత బండి అన్నదైంది, ఆమె షేర్ ఆటోకు మళ్లింది, తెల్లవారుజామున ఆటో దొరకక మొదటి షిఫ్టు వదులుకున్నది. అందరికంటే ముందు ఆమే అన్న మాట: "నాకు బండి రాదు."

ఆమెకు బండి రాకపోవడం కాదు. ఆమె కొలతకు ఆ బండి రాలేదు.

భారతీయ స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. అంటే ఎత్తు తక్కువ అని మనం అనేవారు అరుదైన వారు కారు, వీధిలో సగం మంది. షోరూములో మైలేజీ గురించి పది మాటలు చెబుతారు. సీటు ఎత్తు అడిగితే కాగితం వెతకవలసి వస్తుంది. ఆ కాగితంలో చూడవలసినవి రెండు అంకెలు. ఒకటి సీటు ఎత్తు, మిల్లీమీటర్లలో. రెండవది పెట్రోలు, నూనెలతో కూడిన బండి బరువు. దానిని కర్బ్ వెయిట్ అని వ్రాస్తారు. కాగితంలో ఉండని మూడవ కొలత ఒకటుంది, సీటు ముందుభాగపు వెడల్పు. దానిని కూర్చుని తెలుసుకోవలసిందే.

ఈ మూడూ ఒకదానితో ఒకటి ఎలా పేచీ పడతాయో కొన్ని బండ్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేటపడుతుంది. సంవత్సరాన్ని, రకాన్ని బట్టి అంకెలు కొద్దిగా మారుతుంటాయి. హోండా యాక్టివా 110 సి.సి. బండి సీటు ఎత్తు దాదాపు 765 మిల్లీమీటర్లు, బరువు సుమారు 106 కిలోలు. యమహా ఫాసినో 125 సి.సి. బండి సుమారు 99 కిలోలే, కాని సీటు 780 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. స్కూటీ పెప్ ప్లస్ 88 సి.సి. లోపలి చిన్న ఇంజనుతో సుమారు 93 కిలోలు, 768 మిల్లీమీటర్లు. స్కూటీ జెస్ట్ 110 సి.సి. ఇంజనుతో 103 కిలోలు, 760 మిల్లీమీటర్లు. ఎక్సెల్ 100 మోపెడ్ సీటు వీటన్నిటికంటె ఎత్తు, 787 మిల్లీమీటర్లు. బరువు మాత్రం 90 కిలోల లోపు. మరి కాలు దేనిలో బాగా అందుతుంది? అంకె చూసి జెస్ట్ అంటాం. కాని మోపెడ్ సీటు ముందువైపు సన్నంగా ఉంటుంది, తొడలు విడివడకుండా కాలు తిన్నగా దిగుతుంది. స్కూటరు సీటు కింద హెల్మెట్ పెట్టుకునే గది కోసం ఒళ్లు వెడల్పు చేస్తారు. వెడల్పయిన సీటు మీద తొడలు రెండు వైపులకూ చాచుకొని, కాలి పొడవు పక్కకు ఖర్చవుతుంది. అందువల్ల 765 మీద వేళ్లు మాత్రమే ఆనిన మనిషికి 787 మీద పాదపు ముందు సగం ఆనడం వింత కాదు. ఒక్క సీటు ఎత్తును చూసి బండి కొనేవారు ఇక్కడే మోసపోతారు.

బరువు సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. బండి నిటారుగా ఉన్నంతసేపు భారం చక్రాలదే. వంగడం మొదలైతే భారం కాలి మీదికి వస్తుంది, వంపు రెట్టింపైతే భారమూ దాదాపు రెట్టింపవుతుంది. కాలు పొట్టిగా ఉన్నవారికి పాదం ఆనాలంటే బండి మరింత వంగాలి. అంటే పొడవైన మనిషి మోసేదానికంటె ఎక్కువ బరువును తక్కువ బలంతో మోయవలసి వస్తుంది. పిల్లవాడు ముందు నిలబడితే బరువు ఇంకా పైకి లేస్తుంది. బియ్యపు మూట కాళ్ల దగ్గరి పలక మీద పెడితే బరువు కిందికి దిగుతుంది గాని కాలు దించే చోటు పోతుంది. మూట పెట్టినప్పుడు పాదాలు బయటికి చాచి కూర్చునే వారు కూడలిలో మొదట పడేవారు.

తేలిక బండి అన్ని చోట్లా మంచిదని కూడా చెప్పలేము. స్కూటీ పెప్ ప్లస్ చక్రాలు 10 అంగుళాలవి, మోపెడ్ చక్రాలు 16 అంగుళాలవి. ఉక్కడం వైపు గాని, వానాకాలంలో వైగై ఒడ్డు రోడ్లలో గాని గోతులు దాటవలసిన వారికి పెద్ద చక్రం చేసే మేలు చిన్న చక్రం చేయదు. మరుదమలై కొండ రోడ్డు ఇద్దరితో ఎక్కవలసిన వారికి 88 సి.సి. చాలా ఆలోచించవలసిన విషయం. గాంధీపురం మేలువంతెన మీద బస్సు పక్కగా దూసుకుపోయినప్పుడు తేలిక బండి గాలికి ఊగుతుంది. ఎవరి దారి ఏదో దానిని బట్టి ఈ తూకం మారుతుంది. మదురై గుడి చుట్టూ ఉన్న వీధులలో రోజంతా ఆగుతూ సాగుతూ తిరిగే వారికి కాలు ఆనడమే సర్వస్వం. పీళమేడు నుంచి అన్నూరు వైపు పోయే వారు గంటకు నాలుగుసార్లు కూడా కాలు దించరు.

షోరూముకు రోజూ వేసుకునే చెప్పులతోనే వెళ్లాలి. గుడికి వేసుకునే మడమ చెప్పులతో వెళితే రెండు సెంటీమీటర్లు అబద్ధం చెబుతాయి. చీర కట్టేవారు చీరతో, చుడీదారు వేసుకునేవారు దానితో. నడపబోయేది ఎవరో వారే కూర్చోవాలి. వెంట వచ్చిన అన్న గాని భర్త గాని బండికి రెండు గజాల దూరంలో నిలబడితే మంచిది, హ్యాండిల్ పట్టుకొని సాయపడితే పరీక్ష చెల్లదు. మొదట స్టాండు. సెంటర్ స్టాండు వేసేది చేతి బలం కాదు, కాలితో స్టాండు కొమ్మ మీద ఒళ్లంతా మోపడం. 44 కిలోల మనిషి మూడు ప్రయత్నాలలో వేయలేకపోతే ఆ బండి ఆమెకు తగదు. తరువాత ఇంజను ఆపి, కూర్చొని, పది అడుగులు కాళ్లతో వెనుకకు నెట్టి చూడాలి. రెండు పాదాల ముందు సగాలు ఆనితే వెనుకకు నెట్టడం కుదురుతుంది. ఒక పాదం పూర్తిగా ఆని రెండవది అందకపోయినా అలవాటు మీద నడుస్తుంది. రెండు వైపులా వేళ్లు మాత్రమే అయితే కుదరదు. చివరగా ఎడమవైపుకు కొద్దిగా వంచి, ఇక నిలపలేము అనిపించే చోటు ఎక్కడుందో తెలుసుకోవాలి. ఆ చోటు రోడ్డు మీద మొదటిసారి తెలియడం మంచిది కాదు. షోరూము నేల పాలరాయి, నున్నగా, సమంగా ఉంటుంది. మన వీధి అలా ఉండదు. కాబట్టి ట్రయల్ బండి అడిగి, వాననీరు పారే కాలువ పక్కకు వాలిన రోడ్డు మీద ఒకసారి ఆపి చూడాలి. అడిగితే ఇస్తారు, అడగని వారికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

చేతుల సంగతి చాలామంది మరచిపోతారు. చిన్న అరచేతికి బ్రేకు కొమ్మ దూరమవుతుంది. వేళ్ల చివరలతో మాత్రమే అందితే గట్టిగా పట్టలేము. డ్రమ్ము బ్రేకు బండ్లలో చక్రం దగ్గర ఉన్న నట్టు సర్ది, కొమ్మ ఎంత దూరం వచ్చాక బ్రేకు పట్టాలో మార్చవచ్చు. ఈ పని మెకానిక్ పది నిమిషాలలో చేస్తాడు. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. వరకు బండ్లన్నిటికీ ఒక కొమ్మ నొక్కితే రెండు చక్రాలూ పట్టే జంట బ్రేకు తప్పనిసరి అయింది. కుడిచేయి బలహీనంగా ఉన్నవారికి ఇది గొప్ప సాయం. పాత బండి కొనేవారు తయారైన సంవత్సరం చూసుకోవడం అందుకే.

పాత బండ్ల మాట వచ్చింది కాబట్టి: తమిళనాడు ప్రభుత్వం 2018 ఫిబ్రవరి 24న ఆరంభించిన అమ్మ ద్విచక్రవాహన పథకం క్రింద పనికి వెళ్లే మహిళలకు బండి ధరలో సగం, గరిష్ఠంగా 25,000 రూపాయలు లభించేవి. 125 సి.సి. మించరాదన్నది నియమం. మిల్లు పనివారు, అంగన్‌వాడీ పనివారు ఎందరో తమ మొదటి బండి అప్పుడే కొన్నారు. నియమం ఇంజనుకు గరిష్ఠ పరిమితి పెట్టింది గాని నడిపేవారి కాలికి ఏ కొలతా పెట్టలేదు. సాయం ఎలాగూ వస్తున్నదని పెద్ద బండి తీసుకున్నవారు కొందరు తరువాత దానిని ఇంట్లో మగవారికి అప్పగించారు. 2021 మే నుంచి సాధారణ టౌను బస్సులలో మహిళలకు టిక్కెట్టు లేదు. అది మంచి పని, చాలామందికి అదే చాలు. తెల్లవారి షిఫ్టుకు మాత్రం బస్సు ఇంటి సందులోకి రాదు.

కొన్న తరువాత ఎత్తు తగ్గించడం సాధ్యమా అని అడిగేవారున్నారు. సీటు కుట్టేవారి దగ్గర స్పాంజి కొంత కోయించవచ్చు. నడుమ కాకుండా ముందువైపు అంచులు చెక్కితే కాలు ఎక్కువ దిగుతుంది, కూర్చునే చోటు గట్టిపడదు. దీనికి ఖర్చు తక్కువ, నచ్చకపోతే కొత్త సీటు వేసుకోవచ్చు. వెనుక షాక్ అబ్జార్బర్లు తీసి పొట్టివి వేయిస్తామనే మెకానిక్కులు ఉంటారు. ఆ పని వద్దు. బండి వెనుక కుంగితే హ్యాండిల్ తిరిగే తీరు మారుతుంది, సైడ్ స్టాండు పొడవై బండి నిటారుగా నిలిచి చిన్న తోపుకే అవతలికి పడుతుంది, వేగ నిరోధకాల మీద అడుగు తగులుతుంది. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు. అంత పని అవసరమయ్యే బండిని కొనకపోవడమే మేలు.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా బండి ఒకరోజు పడుతుంది. పడిన వెంటనే తాళంచెవి తిప్పి ఇంజను ఆపాలి. ఫోర్‌స్ట్రోక్‌లో నూనె అడుగున ఉంటుంది, ఒరిగిన బండి అలాగే తిరుగుతూ ఉంటే నూనె చేరవలసిన చోటికి చేరదు. లేపేటప్పుడు హ్యాండిల్ పట్టుకొని వంగి లాగేవారికి నడుము పడుతుంది. బండికి వీపు చేసి, కూర్చున్నట్లు మోకాళ్లు వంచి, ఒక చేయి హ్యాండిల్‌ను, మరొక చేయి వెనుక కడ్డీని పట్టుకొని, పిరుదులు సీటుకు ఆనించి, కాళ్లతో వెనుకకు అడుగులు వేస్తూ లేపాలి. కుడివైపు పడి ఉంటే ముందుగానే సైడ్ స్టాండు లాగి ఉంచాలి, లేకపోతే లేచిన బండి ఎడమవైపుకు పడుతుంది. రెండు నిమిషాలు నిలిపి తరువాత స్టార్టు చేయాలి. దీనిని ఇంటి ముందు పాత పరుపు పరచి ఒకసారి నేర్చుకున్నవారు రోడ్డు మీద సిగ్గుపడరు.

హెల్మెట్ కూడా కొలతే. భర్త హెల్మెట్ పెట్టుకొని వెళ్లేవారి తలలో అది గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, పడినప్పుడు ముందుగా ఊడిపోయేది అదే. తల చుట్టుకొలత టేపుతో కొలిచి, 54 లేదా 56 సెంటీమీటర్ల సైజు అడిగి తీసుకోవాలి. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ముద్ర లేనివి అమ్మరాదు. వెనుక కూర్చునేవారి చీరకొంగు చక్రంలో పడకుండా సగం చక్రాన్ని కప్పే కవచం, పట్టుకునే కడ్డీ, కాలి మెట్టు బండితో ఉండాలన్నది కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వది. వాటిని అదనపు సామానుగా లెక్కవేసి డబ్బు అడిగే చోట ఆ సంఖ్య గుర్తు చేస్తే సరిపోతుంది.

ఇక లైసెన్సు. గేరు లేని బండికి తీసుకునే లైసెన్సు పరీక్షలో ఇక్కడ అందరూ భయపడేది "ఎనిమిది వేయడం". ఎనిమిది అంకె ఆకారపు దారిలో కాలు దించకుండా తిరగాలి. కాలు నేలకు అందదనే భయం ఉన్నవారే ముందుగా కాలు దించుతారు, ఎందుకంటే చూపు నేల మీద ఉంటుంది. చూపు మలుపు చివర ఉంచి, వెనుక బ్రేకును కొద్దిగా పట్టి ఉంచి, థ్రాటిల్ సమంగా ఉంచితే ఫోర్‌స్ట్రోక్ బండి నడక వేగంలో కూడా కుదుపు లేకుండా లాగుతుంది. ఆదివారం ఉదయం, మిల్లు గేటు ముందరి ఖాళీ స్థలంలో రెండు ఇటుకలు పది అడుగుల దూరంలో పెట్టి వాటి చుట్టూ తిరగడం మొదలుపెడితే నాలుగైదు ఆదివారాలు పడుతుంది. పిల్లవాడిని, క్యారియరు సంచిని ఆ రోజులలో ఇంట్లోనే వదలి రావాలి.